సముద్రంలో ఎవరి బొగ్గు?

ఈ మధ్య శంషాబాద్‌లో ఒక చిన్న సాహిత్య సమావేశం జరిగింది. ఒక యువకవి విమానాశ్రయం మీద రాసిన కవిత చదివాడు. ఒకప్పుడు ద్రాక్షతోటలూ జొన్నచేలూ వున్న నేల మీద నుంచి విమానం లేస్తుంది, దాని పొగ పోయి పోయి సముద్రంలో కరుగుతుంది, చివరకు మనిషే సముద్రానికి విషం పెట్టాడు - స్థూలంగా ఇదీ కవిత. చదవడం అయ్యాక ఒక పెద్దాయన లేచి, "శంషాబాద్ ఎక్కడ, సముద్రం ఎక్కడ? మధ్యన రెండున్నర వందల కిలోమీటర్లకు పైగా నేల వుంది. అతిశయోక్తికైనా ఒక హద్దుండాలి గదా!" అన్నారు. కవి ఒక్క క్షణం తడబడి, "అది ప్రతీక సార్" అని కూర్చున్నాడు.

నాకు రెండు విషయాలు కష్టం అనిపించాయి. కవి చెప్పింది ప్రతీక కాదు, వాస్తవం. వాస్తవాన్ని చెప్పినవాడు, రుజువు చూపలేక, ప్రతీక చాటుకు పోయాడు. ఇది ఒకటి. రెండవది, నిజంగా నిలదీయవలసిన మాట ఆ కవితలో వేరే వుంది. "మనిషి" అన్న మాట. దాన్ని సభలో ఒక్కరూ పట్టించుకోలేదు. నేను కూడా అప్పుడు మాట్లాడలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను. మొదటి విషయానికి కాస్త రసాయనశాస్త్రం అవసరం. సాహిత్య పత్రికలో ఇదేమిటని పాఠకులు విసుక్కోకుండా వుంటే, రెండవ విషయం దానంతట అదే వస్తుంది.

ముందు ఆ దూరం సంగతి. దక్కను పీఠభూమి మీద వున్నవాళ్ళకు సముద్రం పరాయిదన్న భావం మనలో పాతుకుపోయింది. కాని మన దేశపు సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వున్నది తీరంలో కాదు, హైదరాబాద్‌లోనే. 1999లో ఏర్పడిన ఆ సంస్థ 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా ఇస్తున్నది. చేపలు ఎక్కడ దొరికే అవకాశం వుందో కాకినాడ, మచిలీపట్నం జాలర్లకు చెప్పే మాట ఈ రాతినేల మీద నుంచే పోతున్నది. ఇక నీటిని చేతితో పట్టి కొలిచే పని విశాఖపట్నంలో జరుగుతుంది. 1950ల తొలినాళ్ళలో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్ర పరిశోధనకు ఊపు ఇచ్చాడు. జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ 1966లో పుట్టింది, దాని ప్రాంతీయ కేంద్రం 1976లో విశాఖలో వెలిసింది. నేను చెప్పబోయే లెక్కల్లో ముఖ్యమైనవి కొన్ని అక్కడివే.

అసలు ప్రశ్న ఇది: బొగ్గుపులుసు వాయువుకు రంగు లేదు, ఈ మోతాదులో వాసన లేదు. సముద్రంలో అది ఎప్పటినుంచో వుంది. నీటిలో కరిగిన కార్బను మొత్తం సుమారు 38,000 గిగాటన్నులని అంచనా. ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. గాలిలో వున్నదానికి ఇది నలభై రెట్లకు పైమాటే. ఇంత పాత సొత్తులో నిన్న ఒక పొగగొట్టం వదిలిన చిటికెడు ఏదో, నూరు తరాల కిందటిది ఏదో పోల్చడం ఎలా? పెద్దాయన సందేహంలో వున్న న్యాయమైన భాగం ఇదే.

పోల్చడానికి గుర్తు కార్బనులోనే వుంది. కార్బను పరమాణువులన్నీ ఒకే బరువు గలవి కావు. నూటికి సుమారు 99 పరమాణువుల బరువు 12. నూటికి ఒకటి చిల్లర 13. రసాయన గుణంలో రెండూ ఒకటే, మూలకాల పట్టికలో రెండింటి చోటూ ఒకటే. అందుకే వీటిని ఐసోటోపులన్నారు. ఆ గ్రీకు మాటకు "ఒకే చోటివి" అని అర్థం. 1913లో సాడీ ఈ పదాన్ని శాస్త్రంలో ప్రవేశపెట్టాడు గాని, ఆయనకు దాన్ని సూచించింది మార్గరెట్ టాడ్. ఆమె వైద్యురాలు, నవలా రచయిత్రి. శాస్త్రానికి మాట కావలసి వచ్చినప్పుడు అందించింది మన కులం మనిషే అన్నమాట, రచయితల కులం.

కార్బను 13 స్థిరమైనది. అది విచ్ఛిన్నం కాదు, కాలంతో తరగదు. తరిగేది కార్బను 14. పాత ఎముకల వయస్సు లెక్కకట్టేది దానితో. దాని అవసరం కూడా తర్వాత వస్తుంది.

బరువు తేడా చిన్నదే అయినా ప్రాణికి ఆ తేడా తెలుస్తుంది. ఆకు గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు తీసుకునేటప్పుడు తేలికదాన్ని కాస్త ఎక్కువగా, బరువుదాన్ని కాస్త తక్కువగా తీసుకుంటుంది. అన్ని మొక్కలూ ఒకే మోతాదులో ఇలా చేయవు. వరి, వేప, పత్తి, ద్రాక్ష ఒక రకం. ఇవి బరువైన కార్బనును బాగా వెనక్కి నెడతాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు మరో రకం. వీటికి ఆ పట్టింపు తక్కువ. అందుకే బియ్యంలోని కార్బను, జొన్నలోని కార్బను కన్నా తేలిక. తిండి శరీరమవుతుంది గనుక, జొన్నరొట్టె మీద బతికినవాడి వెంట్రుక, వరి అన్నం మీద బతికినవాడి వెంట్రుక ఈ కొలతలో వేరువేరుగా కనిపిస్తాయి. పురాతత్వవేత్తలు సమాధుల్లోని ఎముకలకు ఇదే పరీక్ష పెట్టి, చనిపోయినవాళ్ళు ఏ పంట తిని బతికారో చెబుతున్నారు. శాసనాల్లో పేరు లేనివాడి కంచం సంగతి అతని ఎముక చెబుతుంది. మన చరిత్రకారులు ఇంకా సరిగా అందిపుచ్చుకోని సాధనమిది.

ఈ తేడాను "డెల్టా" అనే లెక్కలో, వెయ్యికి ఇంత అని చెబుతారు. పోలికకు ఒక ప్రమాణం కావాలి గదా. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రంలో పీడీ అనే శిలాస్తరంలో దొరికిన, బెలెమ్‌నైట్ అనే అంతరించిన సముద్రజీవి గట్టిభాగాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఆ అసలు ముక్క ఎప్పుడో అరిగి అయిపోయింది. దానితో సరిపోల్చి వియన్నాలో ఖాయం చేసిన మరో ప్రమాణాన్ని ఇప్పుడు వాడుతున్నారు. ఆ ప్రమాణంలో పది లక్షల తేలిక పరమాణువుల పక్కన సుమారు 11 వేల బరువైనవి వుంటాయి. దాన్ని సున్నా అనుకోండి. ఆ 11 వేలలో 11 తగ్గితే "వెయ్యికి మైనస్ 1". వరి, వేప జాతి మొక్కలు మైనస్ 27 దగ్గర వుంటాయి. జొన్న జాతివి మైనస్ 13 దగ్గర.

ఇప్పుడు బొగ్గు దగ్గరకు వద్దాం. సింగరేణి బొగ్గు ఎక్కడిది? సుమారు 25-30 కోట్ల ఏళ్ళ కిందట గోండ్వానా ఖండం మీద పెరిగిన అడవులది. ఆ చెట్లు తమ కాలంలో తేలిక కార్బనును ఏరుకున్నాయి. ఆ ఏరుడు గుర్తు నేలలో పూడినా పోలేదు. రాతినూనె సంగతి ఇంకా విచిత్రం. అది ఎక్కువగా పురాతన సముద్రాల్లో తేలిన సూక్ష్మజీవుల అవశేషం. శంషాబాద్‌లో 2008 మార్చి నుంచి విమానాలు ఎగురుతున్నాయి. వాటి ట్యాంకుల్లో పోసే కిరసనాయిలు జాతి ఇంధనం ఒకప్పుడు సముద్రంలో వున్నదే. ఒక కిలో ఇంధనం కాలితే మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది, గాలిలోని ఆక్సిజను వచ్చి కలుస్తుంది గనుక. కనుక కవిగారి విమానం చేసే పని, పాత సముద్రంలో వున్నదాన్ని కొత్త సముద్రంలోకి, మధ్యలో ఆకాశం గుండా చేరవేయడం. ఇది నా ఉపమానం కాదు, అక్షరాలా జరిగేది.

నేలలోంచి తీసి కాల్చే ఇంధనాలన్నీ కలిపి చూస్తే సగటున మైనస్ 28 దగ్గర వుంటాయి. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలోని బొగ్గుపులుసు వాయువు మైనస్ 6.4 దగ్గర వుండేదని మంచుగడ్డల్లో చిక్కుకున్న పాత గాలిబుడగలు చెబుతున్నాయి. తేలికదాన్ని తెచ్చి కలుపుతూ పోతే మొత్తం తేలిక కావాలి. అయింది. ఇప్పుడది మైనస్ 8.5 దగ్గరకు దిగింది. 1958లో కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలత మొదలుపెట్టేనాటికి పది లక్షల భాగాల గాలిలో ఈ వాయువు 315 భాగాలు. ఇప్పుడు 420 దాటింది. పరిమాణం పెరుగుతున్నకొద్దీ బరువు గుర్తు పడిపోతున్నది. ఇంతలోనే గతితర్కం రుజువైందని మనం చప్పట్లు కొట్టనక్కర్లేదు. ముందు ముద్దాయిల వరస చూడాలి.

పెరిగిన వాయువు అగ్నిపర్వతాలది కావచ్చునని ఒక వాదం. అగ్నిపర్వతాల కార్బను మైనస్ 5 చుట్టుపక్కల వుంటుంది. అది కలిస్తే గాలి ఇంత తేలిక కాదు. సముద్రమే వేడెక్కి వదిలి వుంటుందని మరో వాదం. సముద్రపు కార్బను గాలికన్నా బరువైనది, పైగా సముద్రంలో కార్బను పెరుగుతున్నదే గాని తగ్గడం లేదు. మిగిలింది మొక్క. బతికిన మొక్కా, పూడిన మొక్కా? అడవులు నరికి కాల్చినా ఇదే తేలిక గుర్తు వస్తుంది గదా. ఇక్కడ కార్బను 14 సాక్ష్యానికి వస్తుంది. బతికున్న చెట్టులో అది వుంటుంది. కోట్ల ఏళ్ళు పూడి వున్న బొగ్గులో అంతా విచ్ఛిన్నమైపోయి, శూన్యం. హాన్స్ సూయెస్ 1955లో చెట్ల వలయాలు కొలిచి, ఇటీవలి కలపలో కార్బను 14 పలుచబడిందని చూపించాడు. అంటే గాలిలో బొగ్గు కలిసిందని. ఈ పలుచబడడానికి సూయెస్ ప్రభావమని పేరు వచ్చింది; తర్వాత కార్బను 13కు కూడా అదే పేరు పెట్టారు. అడవుల నరుకుడుకు ఇందులో వాటా లేదని కాదు, వుంది. కాని ప్రధాన ముద్దాయి దొరికాడు. 1950, 60లలో అణుబాంబు పరీక్షలు కార్బను 14ను గాలిలో విపరీతంగా పెంచి ఆ సాక్ష్యాన్ని కలుషితం చేశాయి. సామ్రాజ్యవాదం సాక్షులను చెడగొట్టడం కొత్త కాదు గాని, పరమాణువు దాకా పోవడం అప్పుడే చూశాం. కార్బను 13ను మాత్రం బాంబులు తాకలేకపోయాయి.

ఇక సముద్రం. శంషాబాద్‌లో లేచిన వాయువు అక్కడే కూర్చోదు. కొన్ని వారాల్లో, నెలల్లో ఉత్తరార్ధగోళమంతటా కలిసిపోతుంది, ఏడాదిలో దక్షిణానికి కూడా పోతుంది. మానవ కార్యకలాపాలు ఏటా వదిలేదానిలో సుమారు నాలుగోవంతు సముద్రం తీసుకుంటున్నది. నీటిలో చేరాక అది వాయువుగా మిగిలేది నూటికి ఒక్క పాలు. తొంభై పాళ్ళు బైకార్బొనేటుగా, మిగిలినది కార్బొనేటుగా మారుతుంది. ఈ మార్పుల్లో బరువైన కార్బను నీటి వైపు మొగ్గుతుంది. అందుకే గాలి మైనస్ లెక్కలో వున్నా సముద్రం పైపొర ప్లస్ 1, ప్లస్ 2 మధ్య వుంటుంది. పైనీటిలో బతికే సూక్ష్మ వృక్షాలు తేలికదాన్ని తినేసి, చచ్చి, అడుగుకు జారి అక్కడ కుళ్ళుతాయి. కనుక పైనీరు బరువుగానూ, లోతునీరు తేలికగానూ వుంటుంది. సముద్రాల్లో మరీ పాతబడిన లోతునీరు సున్నాకు దగ్గరగా వస్తుంది. ఈ తేడా మనిషి పుట్టక ముందు నుంచీ వుంది. దీన్ని మరిచి తేలిక కనిపించిన చోటల్లా "ఇదుగో పొగగొట్టం" అని అరిస్తే శాస్త్రం నవ్వుతుంది.

కొలిచే విధానం కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మన విమర్శలో "నిశిత పరిశీలన" అనే మాటను ఎంత తేలికగా వాడుతామో, ఆ పరిశీలన ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది. ఓడ మీది నుంచి వలయంగా అమర్చిన నిస్కిన్ సీసాలను నోళ్ళు తెరిచి లోతుకు దించుతారు. పైకి లాగుతూ, కావలసిన లోతులో ఒక్కొక్కటి మూస్తారు. మన సాగర్‌కన్య ఓడ 1983లో వచ్చింది. బంగాళాఖాతం నీళ్ళు చాలా ఏళ్ళు అది మోసింది. పైకి వచ్చిన నీటిని గొట్టం ద్వారా గాజుసీసా అడుగునుంచి, బుడగ లేకుండా నింపి, పొర్లనిచ్చి, బిరడా బిగిస్తారు. బిగించే ముందు కొన్ని చుక్కల మెర్క్యురిక్ క్లోరైడు వేస్తారు. అది పాదరసపు విషం. వేయకపోతే సీసాలోని సూక్ష్మజీవులు ప్రయాణమంతా ఊపిరి పీల్చి వదులుతూ వుంటాయి. వాటి ఊపిరి తేలిక కార్బను. రేవు చేరేసరికి ఆ నీరు సముద్రం సంగతి కాక సీసా సంగతి చెబుతుంది.

ప్రయోగశాలలో ఆ నీటికి ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపితే బైకార్బొనేటూ కార్బొనేటూ అన్నీ తిరిగి వాయువై పొంగుతాయి. నీటి ఆవిరిని ఒక చోట గడ్డకట్టించి వదిలించుకుని, వాయువును మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజనుతో మరోచోట పట్టి శుభ్రం చేస్తారు. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. అందులో అణువులకు విద్యుదావేశం కలిగించి అయస్కాంతం పక్కనుంచి పరుగెత్తిస్తారు. బరువు 44 గలవి ఎక్కువ వంగుతాయి, 45, 46 గలవి తక్కువ వంగుతాయి. వంపు మలుపులో మందలోంచి బరువుబండి వెనకబడినట్టు అవి విడిపోతాయి. ఒక్కొక్క దాన్ని విడివిడిగా పట్టి లెక్కపెడతారు. ప్రమాణ వాయువునూ, నమూనా వాయువునూ మార్చి మార్చి పోలుస్తారు. మంచి ప్రయోగశాలలో వెయ్యికి 0.05 కన్నా తక్కువ పొరపాటుతో ఫలితం వస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు? క్వే, అతని సహచరులు 1992లో ప్రచురించిన పరిశోధన చూడండి. 1970, 1990ల మధ్య పసిఫిక్ పైనీటిలో కార్బను 13 గుర్తు సుమారు 0.4 పడిపోయిందని వాళ్ళు కనుగొన్నారు. మన లెక్కలో చెప్పాలంటే, ఇరవై ఏళ్ళలో పది లక్షలకు నాలుగైదు బరువు పరమాణువులు తగ్గాయి! ఆ నాలుగైదింటిని పట్టుకుని సముద్రం ఏటా సుమారు 2 గిగాటన్నుల కార్బను మింగుతున్నదని లెక్కకట్టారు. హిందూమహాసముద్రంలో ఈ కొలతలు 1977-78లో జియోసెక్స్ అనే యాత్రలో విస్తృతంగా జరిగాయి. 1990లలో మళ్ళీ జరిగాయి. మొదటిసారి కొలిచినవాళ్ళు తేడాను చూడలేదు, చూడడం సాధ్యం కూడా కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చేవాడికోసం వాళ్ళు అంకెలు రాసిపెట్టి పోయారు.

ఇక మన బంగాళాఖాతం. ఇక్కడ వ్యవహారం పసిఫిక్ అంత సూటిగా వుండదు. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, ఇరావతి తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద పరుచుకుంటుంది. నదినీటిలోని కార్బను, సముద్రానిదానికన్నా తేలిక. ఎందుకంటే అందులో ఎక్కువ పాలు మట్టిలోని వేళ్ళ ఊపిరీ, ఆకుల కుళ్ళూ ఇచ్చినది. విశాఖ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ, ఆయన సహచరులు గోదావరి ముఖద్వారం మీద చేసిన పని 2011లో వెలువడింది. ఎండాకాలం నీటిలో బొగ్గుపులుసు వాయువు పీడనం 500 మైక్రో అట్మాస్ఫియర్ల లోపు వుంటే, వరదల ఉధృతిలో 30,000 దాటింది. గాలిలో వున్నది నాలుగు వందల చిల్లర అయినప్పుడు ముప్ఫై వేలంటే, ఆ రోజుల్లో నది సముద్రంలోకి కార్బను మోసుకుపోవడం కాదు, ఆకాశంలోకి ఊదుతున్నది. ఆ ఊదేది కుళ్ళిన మొక్కల కార్బను, తేలిక కార్బను. ధవళేశ్వరం దిగువన ఆగస్టులో పట్టిన సీసాలో తేలిక గుర్తు కనిపిస్తే అది విమానానిది కాదు, ఎగువ పొలాలదీ అడవులదీ, మన పట్టణాల మురుగుదీ.

శంషాబాద్‌నే తీసుకోండి. పక్కనే హిమాయత్‌సాగర్ వుంది, 1927లో కట్టినది. అది నిండి వదిలిన నీళ్ళు మూసీలో కలుస్తాయి. మూసీ నగరపు మురుగంతా మోసుకుని వాడపల్లి దగ్గర కృష్ణలో పడుతుంది, కృష్ణ సముద్రంలో పడుతుంది. అంటే ఇక్కడి కార్బను సముద్రానికి రెండు దారుల్లో పోతున్నది. ఒకటి ఆకాశం, రెండవది మురుగుకాలువ. రెండూ తేలికే! గుర్తు ఒకటే అయినప్పుడు వేరు చేయడం ఎలా?

ఒక్క సాక్షితో కాదు. అదే నీటిలో ఉప్పు ఎంత, ఆక్సిజను ఎంత, ఫాస్ఫేటు ఎంత అని కూడా కొలుస్తారు. నది వల్ల తేలికైతే ఉప్పు తగ్గి వుండాలి. సముద్రంలోనే కుళ్ళు వల్ల తేలికైతే ఆక్సిజను ఖర్చయి, ఫాస్ఫేటు పెరిగి వుండాలి. ఉప్పు మారక, ఆక్సిజను తగ్గక, తేలిక మాత్రం దశాబ్దాలుగా పెరుగుతూ పోతే ఆ కార్బను పైనుంచి, గాలిలోంచి దిగినది. ఒక పద్యం ఎవరిదో తేల్చేటప్పుడు మనం ఛందస్సు ఒక్కటే చూసి తీర్పు చెబుతామా? భాష చూస్తాం, ప్రతులు చూస్తాం, కాలం చూస్తాం. ఇదీ అంతే.

ఆమ్లత్వం విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. సముద్రం బొగ్గుపులుసు వాయువు మింగిన ఫలితంగా ప్రపంచ సముద్రాల పైనీటి పీహెచ్ 8.2 నుంచి 8.1 దగ్గరకు దిగింది. అంకె చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఆమ్ల కణాలు నూటికి ముప్ఫై వరకు పెరిగాయన్నమాట. గవ్వలు, పగడాలు, సున్నపు గుల్లతో బతికే సూక్ష్మజీవులు దీనికి బలి. కాని బంగాళాఖాతం వాయవ్య తీరంలో 1991, 2011 మధ్య ఆమ్లత్వం పెరగడానికి దేశం మీద నుంచి గాలి తోలుకొచ్చే గంధక, నత్రజని కాలుష్యం కూడా కారణమని శర్మ బృందమే 2015లో చూపింది. దూరదేశాల పొగ మీద నేరమంతా నెట్టి చేతులు కడుక్కోవాలనుకునేవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు. నచ్చినా నచ్చకపోయినా అది కొలత.

కనుక కవి మొదటి మాట నిలిచింది. శంషాబాద్ పొగ సముద్రంలో కరుగుతుంది. పెద్దాయనకు నేనివ్వగల జవాబు ఇది. దీనికి ప్రతీక సాయం అక్కర్లేదు.

రెండవ మాట "మనిషి". ఇక్కడ మాస్ స్పెక్ట్రోమీటర్ మనకు ఎంతవరకు తోడువస్తుందో నిజాయితీగా చెప్పాలి. ఈ కార్బను పూడిన మొక్కదని అది చెబుతుంది. అంతే. ఎవరు తవ్వారు, ఎవరు కాల్చారు, ఎవరికి లాభం వచ్చింది, ఆ గనిలో ఎవరి ఊపిరితిత్తులు పోయాయి - ఇవి దానికి కనిపించవు. సింగరేణి బొగ్గుతో వచ్చిన కరెంటు పల్లెలోని ఒక బల్బును వెలిగించినా, ఒక మహలును చల్లబరచినా గుర్తు ఒకటే. పరమాణువుకు వర్గం లేదు. కాల్చేవాళ్ళకు వుంది.

విమానాలనే చూడండి. 2020లో గోస్లింగ్, హంపె ప్రచురించిన లెక్క ప్రకారం 2018లో ప్రపంచ జనాభాలో విమానం ఎక్కినవాళ్ళు 11 శాతం మించరు. విమానయానం వదిలే బొగ్గుపులుసు వాయువులో సగానికి కారణం జనాభాలో 1 శాతం. పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటిదాకా నేలబొగ్గూ నూనే కాల్చి వదిలిన మొత్తంలో సుమారు నాలుగోవంతు ఒక్క అమెరికాది; మన దేశానిది 3 శాతం చిల్లర. అయితే ఈ 3 శాతం చాటున మన దేశపు ధనికులు దాక్కోవడాన్ని నేను ఒప్పుకోను. సగటు అనేది కూలివాడి లేమిని చూపించి యజమాని భోగాన్ని మాఫీ చేసే లెక్క. విమానాశ్రయం కోసం సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. ఆ నేల మీద జొన్న పండించినవాడికీ, ఇప్పుడు దాని మీద నుంచి నెలకు నాలుగుసార్లు ఎగిరేవాడికీ "మనిషి" అనే ఒకే దుప్పటి కప్పితే, కవిత ఎవరి పక్షాన నిలిచినట్టు?

ఇందులో మన పాత బాకీ కూడా వుంది. పొగగొట్టాన్ని ప్రగతికి గుర్తుగా కీర్తించిన కాలం అభ్యుదయ సాహిత్యంలో వుంది. పొగలో కార్మికుడి చెమట చూశాం, అది సరైనదే. పొగ ఎక్కడికి పోతుందో అడగలేదు. ప్రకృతి మీద మనం సాధించే ప్రతి విజయానికీ అది తిరిగి కక్ష తీర్చుకుంటుందని ఎంగెల్స్ 1876లోనే హెచ్చరించాడు. పెద్దఎత్తు వ్యవసాయం నేల సారాన్ని దోచి నగరానికి తరలిస్తుందని మార్క్సు "పెట్టుబడి"లో రాశాడు. ఆ పేజీలు మనం చదివాం, కింద గీతలు కూడా గీసుకున్నాం. గీత గీసుకున్నంత మాత్రాన అవి మన కథల్లోకి రాలేదు. ఇప్పుడు వస్తున్న పర్యావరణ కవిత్వం దీనికి రెండో కొసకు పోయింది. పొగగొట్టం చెడ్డది, మనిషి చెడ్డవాడు, పల్లె మంచిది. పాతది శ్రమను చూసి పొగను మరిచింది, కొత్తది పొగను చూసి యజమానిని మరిచింది.

సమావేశం తర్వాత ఆ యువకుణ్ణి బస్టాపులో కలిసి ఈ సంగతులు కొన్ని చెప్పాను. చాలా సేపు విని, "అయితే మనిషి అనే చోట ఏం రాయమంటారు మాస్టారూ? పెట్టుబడిదారు అని రాస్తే నినాదంలా వుంటుంది గదా" అన్నాడు. నిజమే, వుంటుంది. నా దగ్గర మాట లేదని చెప్పాను. మొన్న కవిత తిరిగి రాసి పంపాడు. సముద్రం అలాగే వుంది. జొన్నచేను ఒక పంక్తి నుంచి నాలుగు పంక్తులైంది, ఆ చేను యజమాని కాని కౌలుదారు పేరుతో సహా. "మనిషి" అన్న మాట కొట్టేసి వుంది. ఆ చోట ఇంకా ఏమీ రాయలేదు.